జట్టులో లేని పేరు

ప్రియ చదువరీ, నేను చెప్పబోవు సంగతి బంతియాటను గూర్చినది. ఈ పత్రికలో బంతియాట యేమిటని పుట త్రిప్పివేయకుము. డెబ్బది రెండేండ్ల ముసలివాడొకడు, ముప్పదినాలుగేండ్లు బడిలో డ్రిల్లు మాష్టరుగా పని చేసినవాడు, పరదేశములో కూతురి యింట కూర్చుండి టెలివిజను రిమోటును గోడకు విసరికొట్టెనని వినినయెడల, ఎందుకో తెలిసికొనవలెనని నీకును తోచును గదా? ఆ ముసలివాడను నేనే.

అది 2025 జనవరి మాసము. బయట మోకాలిలోతు మంచు పడియున్నది. ఆట ముగియుటకు 6 సెకండ్లుండగా మా జట్టు 3 పాయింట్లు ముందున్నది. బంతి ఎదుటివారి చేతిలో నున్నది. అట్టి సమయమున ఎదుటివానిని కావలెనని పట్టుకొని ఫౌలు చేసినయెడల వానికి రెండు ఫ్రీత్రోలు మాత్రమే దొరకును. రెండును వేసినను మనమే యొక పాయింటు ముందుందుము. అట్లు చేయక విడిచిపెట్టినయెడల వాడు దూరమునుండి మూడు పాయింట్ల బంతి వేసి సమము చేయవచ్చును. మా కోచ్ విడిచిపెట్టెను. వాడు వేసెను. తరువాత అదనముగా ఇచ్చిన 5 నిమిషములలో మేము ఓడిపోతిమి. (ఫౌలు చేయుటయే మేలా కాదా యని ఆట తెలిసిన పెద్దలు ఈనాటికిని వాదించుకొనుచునే యున్నారు. ఆ రాత్రి మాత్రము నాకు రెండవ పక్షము కనబడలేదు.)

"వీడికి ఎవణ్ణి దింపాలో తెలియదు, ఎవణ్ణి ఎక్కించాలో తెలియదు, అసలు మనుషుల్ని ఎంచుకోవడమే రాదు" అని కేక వేసితిని. రిమోటు గోడకు తగిలి బ్యాటరీలు సోఫా క్రిందికి దొరలిపోయినవి. నా మనుమరాలు, తొమ్మిదేండ్లది, బల్లయొద్ద లెక్కలు చేసికొనుచున్నది, తల యెత్తి నావైపు చూచెను.

"తాతయ్యా, ఆ కోచ్ నీకు తెలుసా?"

"తెలియదమ్మా."

"మరి ఆయన నిన్నేం చేశాడు?"

నేను వంగి బ్యాటరీలు వెదకుకొనుచు కూర్చుంటిని.

నేనెవరినో కొంచెము చెప్పవలెను. 1976లో మద్రాసులోని వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాలలో చదివితిని. అది 1920లో హ్యారీ క్రో బక్ అను ఆయన స్థాపించినది, మన దేశములో వ్యాయామ విద్యకొరకు ఏర్పడిన మొదటి కళాశాల. అక్కడనుండి వచ్చి గుంటూరు జిల్లాలో నొక బడిలో చేరితిని. మట్టి నేల, రెండు కొయ్య పలకలు, కమ్మరివాడు చేసియిచ్చిన రెండు ఇనుప వలయములు, ఇదియే నా బాస్కెట్‌బాల్ కోర్టు. వర్షాకాలములో దానిమీద బర్రెలు నిలుచుండెడివి. ఉద్యోగము విరమించిన తరువాత, నా భార్య పోయిన తరువాత, ప్రతి చలికాలము కూతురు నన్ను అమెరికాకు పిలిపించుకొనుచున్నది. వారుండునది మధ్య పశ్చిమ ప్రాంతములో ఒక కాలేజీ ఊరు. ఆ యూరి పేరును ఆ కాలేజీ పేరును నేను వ్రాయను. ఆ కోచ్ కూడ పని చేసికొని బ్రదుకవలసినవాడే గదా.

మన దేశములో కాలేజీ ఆట యనగా ఎండలో నిలువబడి చూచు ఇరువది ముప్పదిమంది స్నేహితులు, ఒక కుండలో మంచినీళ్లు. అక్కడ అట్లు కాదు. నవంబరు మొదలుకొని మార్చి వరకు ఆ యూరి మాటయంతయు అదియే. మంగలి దుకాణములో అదియే, ఆదివారపు ఆరాధన విడిచిన తరువాత కాఫీ త్రాగుచు మాటలాడుకొనునదియు అదియే. అనేక రాష్ట్రములలో ప్రభుత్వపు జీతగాండ్రందరిలోను ఎక్కువ జీతము తీసికొనువాడు గవర్నరు కాదు, ఫుట్‌బాల్ కోచో బాస్కెట్‌బాల్ కోచో ఆ జీతము తీసికొనును. ఇంత డబ్బు తీసికొనువాడు ఓడిపోయినప్పుడు జనులు ఊరకుందురా? మన సంఘములలో పాస్టరుగారి బదిలీ కాగితము వచ్చు మాసములో అరుగులమీద జరుగు మాటలు నీవు వినియే యుందువు. ఆ మాటలను ఇరువదివేలమందితో హెచ్చించి చూచుకొనుము.

మా యింటి ప్రక్కన ఒక పెద్దాయన యున్నాడు. బడి బస్సు నడిపి విరమించినవాడు. ముప్పదియొక సంవత్సరములుగా ఆయనకును ఆయన భార్యకును ఆటస్థలములో రెండు కుర్చీలు, పై అంతస్తులో, స్తంభము ప్రక్కన ఉండెను. ఆమె 2023లో చనిపోయెను. ఆ రెండవ కుర్చీని ఆయన విడిచిపెట్టలేదు. ఒక సంవత్సరము దానిమీద తన కోటు పెట్టుకొని ఆట చూచెను. తరువాతి సంవత్సరము మంచు త్రవ్వుచుండగా పరిచయమై, నేను ఈ ఆట నేర్పినవాడనని తెలిసికొని, "మీరు వస్తారా?" అని యడిగెను. ఆ కుర్చీ ఎవరిదో ఆయన చెప్పలేదు. నాలుగవ ఆటకు గాని నాకు తెలియలేదు. తెలిసిన దినమున నేను లేచి నిలువబడితిని. ఆయన నా చేయి పట్టి కూర్చుండబెట్టి, "ఆమె నాకంటె గట్టిగా అరిచేది" అనెను.

మేమిద్దరమును ఓడిపోవుచున్న జట్టుయొక్క అభిమానులము. ఇంతకంటె త్వరగా స్నేహమును కలుపునది లేదని నేననుకొందును.

నేను ఒక గీతల నోటుపుస్తకము కొని, ఎవరు ఏ నిమిషమున లోనికి పోయిరో, ఎవరు ఏ నిమిషమున బయటికి వచ్చిరో వ్రాయుట మొదలుపెట్టితిని. పాత అలవాటు. ఆటకు రెండు భాగములు, ఒక్కొక్కటి 20 నిమిషములు. ఒకనికి ఐదు ఫౌలులైనయెడల వాడు మరల ఆడరాదు. మా కోచ్ ఏమి చేయును? మొదటి భాగములో మంచి ఆటగానికి రెండు ఫౌలులు కాగానే, ఐదవది ఎప్పుడో వచ్చునను భయముతో వానిని బల్లమీద కూర్చుండబెట్టును. ఒక దినము ఆ పిల్లవాడు మొదటి భాగములో 9 నిమిషములు తువాలు కప్పుకొని కూర్చుండెను. ఆట ముగియునప్పటికి వానికి మూడే ఫౌలులు. రాబోవు కరువునకు భయపడి ఉన్న ధాన్యమును పాతరలోనే ముక్కబెట్టిన రైతువలె నున్నది. ఎదుటివారు వరుసగా పది పాయింట్లు వేయుచుండగా ఆట నిలుపు చేయక చేతులు కట్టుకొని నిలుచుండును. పొడుగువారిని నలుగురిని తెచ్చుకొనెను గాని, దూరమునుండి బంతి వేయువాడు ఒక్కడును లేడు. ఎదుటివారు ఐదుగురును వలయము క్రిందనే గుమికూడి నిలుచుందురు, మనవాడు ఎటు తిరిగినను గోడయే. ఇదంతయు నేను ఎఱ్ఱ సిరాతో వ్రాసియుంచితిని. పెద్దాయన ఆ పుస్తకమును చూచి మెచ్చుకొని, ఇది క్రీడల డైరెక్టరునకు పంపవలెననెను. మేము పంపలేదు గాని, పంపుటకు కవరు మాత్రము కొంటిమి.

పెద్దాయనకు కోచ్ మీదికంటె జట్టుమీద ఎక్కువ దుఃఖము. "ఎవరు వీళ్లంతా?" అని ప్రతి నవంబరులో అడుగుచున్నాడట. పూర్వము ఒక పిల్లవాడు పదునెనిమిదేండ్ల వయస్సున వచ్చి నాలుగేండ్లుండెడివాడు. మొదటి సంవత్సరము బల్లమీద కూర్చుండి, రెండవ సంవత్సరము కొంచెమాడి, నాలుగవ సంవత్సరము నాయకుడగును. ఆయన భార్యకు వారి తల్లుల పేర్లు తెలియును, చివరి ఆట దినమున వారికి రొట్టెలు చేసి యిచ్చెడిది. ఇప్పుడు ఏటేట సగము జట్టు మారిపోవుచున్నది. చొక్కా వెనుక పేరు చదువుకొనిన గాని ఎవరో తెలియదు.

ఇది ఎట్లు జరిగెనో చెప్పెదను. పూర్వము ఒక కాలేజీ విడిచి మరియొక కాలేజీకి పోయిన ఆటగాడు ఒక సంవత్సరము ఆడక కూర్చుండవలెను. 2021లో ఒకసారి మారుటకు ఆ శిక్ష తీసివేసిరి. 2024లో, చదువు సరిగా నడచుచున్నయెడల, ఎన్నిసార్లు మారినను ఫరవాలేదనిరి. 2021 జూలైనుండి ఆటగాండ్రు తమ పేరును ముఖమును వ్యాపార ప్రకటనలకిచ్చి డబ్బు తీసికొనుటకు సెలవు దొరికెను. 2025 జూన్‌లో న్యాయస్థానము అంగీకరించిన యొక ఒడంబడికవలన కాలేజీలే నేరుగా వారికి చెల్లించుటకు మార్గమేర్పడెను. మొదటి సంవత్సరమునకు కాలేజీ యొక్కటికి అన్ని ఆటలకును కలిపి ఇంచుమించు 2 కోట్ల 5 లక్షల డాలర్లు హద్దుగా పెట్టిరి. కాబట్టి వసంతకాలము వచ్చుసరికి మన యెడ్ల సంతవలె సందడి యగును. కోచ్ అనువాడు ఆట నేర్పువాడా, సంతలో బేరమాడువాడా యని సందేహము కలుగును.

అయినను నేను పెద్దాయనతో ఏకీభవించలేదు. ఆ పిల్లలు పోవుట తప్పని నేననలేను. కోచ్‌లు మాత్రము ఎప్పుడు కావలెనన్న అప్పుడు ఎక్కువ జీతమునకు పోవుచునే యుండిరి, వారిని ఎవరును ఒక సంవత్సరము కూర్చుండబెట్టలేదు. ఏండ్లతరబడి ఆటస్థలములు నిండినవి, టెలివిజను సొమ్ము వచ్చినది, పిల్లవానికి చదువు, భోజనము, మంచము తప్ప దాదాపేమియు లేకుండెను. కూలి అడిగినవానిని కృతఘ్నుడనుట మన యూళ్లలోను చూచియున్నాము. ఈ మాట చెప్పినప్పుడు పెద్దాయన చాలసేపు రోడ్డువైపు చూచి, "నేను బస్సు డ్రైవర్ల యూనియన్‌లో ఉన్నవాణ్ణే" అనెను. అంతటితో ఆ సంభాషణ ముగిసెను.

అభిమానుల కోపమునకు పేరుపొందిన స్థలము కెంటకీ రాష్ట్రములోని లెక్సింగ్టన్ నగరము. అక్కడ అడాల్ఫ్ రప్ అను కోచ్ 1930 మొదలు 1972 వరకు ఉండి 876 ఆటలు గెలిచెను. ఇరువదివేలమంది పట్టు ఆటస్థలమునకు ఆయన పేరే పెట్టిరి. 2009లో జాన్ కాలిపారి అను కోచ్ వచ్చెను. 2012లో జాతీయ పోటీ గెలిచెను. 2015లో వరుసగా 38 ఆటలు గెలిచి, ముగింపు పోటీలలో విస్కాన్సిన్ చేతిలో ఓడెను. ఆ దినములలో ఆయనకు కానుకలు తప్ప తిట్లు లేవు. ఆయన పద్ధతి ఏమనగా, దేశములోకెల్ల గొప్ప పిల్లలను తెచ్చుట, వారు ఒక్క సంవత్సరమాడి ఎన్.బి.ఎ.కు పోవుట, మరుసటి సంవత్సరము మరల క్రొత్తవారిని తెచ్చుట. గెలిచినన్నాళ్లు అది తెలివి. 2021లో 9 ఆటలు గెలిచి 16 ఓడినప్పుడు అదియే పిచ్చి యాయెను. 2022లో సెయింట్ పీటర్స్ అను చిన్న కాలేజీ చేతిలో మొదటి యాటలోనే ఓడిరి.

2024లో జరిగినది వినుము. ఆ సంవత్సరము జట్టులో రీడ్ షెపర్డ్, రాబ్ డిల్లింగ్‌హామ్ అను ఇద్దరు క్రొత్త పిల్లలుండిరి. వారిని మొదటి ఐదుగురిలో ఎందుకు పెట్టవని జనులు ఏడాదియంతయు మొరపెట్టుకొనిరి. కోచ్ వారిని చాల ఆటలలో బల్లమీదనుండియే దింపుచుండెను. మార్చిలో ఓక్లండ్ అను కాలేజీ వచ్చెను. అందులో జాక్ గోల్కీ అను పిల్లవాడు, అంతకుముందు రెండవ శ్రేణి కాలేజీలో ఆడినవాడు, దూరమునుండి 10 బంతులు వేసి 32 పాయింట్లు చేసెను. ఓక్లండ్ 80, కెంటకీ 76. ఆ జూన్‌లో ఎన్.బి.ఎ. వారు షెపర్డ్‌ను మూడవవానిగాను డిల్లింగ్‌హామ్‌ను ఎనిమిదవవానిగాను ఎంచుకొనిరి. మేము చెప్పలేదా యని అభిమానులు అననివారు లేరు.

అయితే ఆ కోచ్‌ను తీసివేయుటకు కాలేజీవారు 3 కోట్ల 30 లక్షల డాలర్లకు పైగా చెల్లించవలసియున్నది. అంత సొమ్ము పెట్టి ఎవరు పంపుదురు? ఏప్రిల్‌లో ఆయనే ఆర్కాన్సా కాలేజీకి వెళ్లిపోయెను. బదులుగా మార్క్ పోప్ అను ఆయనను పిలిచిరి. 1996లో జాతీయ పోటీ గెలిచిన అదే కాలేజీ జట్టులో ఆడినవాడు. మొదటి దినమున, ఇంతకంటె గొప్పవాడు దొరకలేదా యని గొణిగిరి. కొన్ని దినములకే ఆయనను చూచుటకు ఆటస్థలము నిండిపోయెను. జట్టు మాత్రము దాదాపు మొత్తము క్రొత్తది. 2025 ఫిబ్రవరి 1వ తేదిన కాలిపారి తన క్రొత్త జట్టుతో లెక్సింగ్టన్‌కు వచ్చెను. పదునైదేండ్లు కొలిచినవారే ఆయన లోపలికి వచ్చుచుండగా బూ కొట్టిరి. ఆయన 89-79తో గెలిచి పోయెను. ఆ యేడు జాతీయ పోటీలో రెండు జట్లును చివరి పదునారింటి వరకు వచ్చినవి. ఇందులో ఎవరు సరియో తేల్చమని నన్నడిగినయెడల నేను నోరు మెదపలేను. పెద్దాయనయు నేనును ఆ ఆటను మా యింటి టెలివిజనులో చూచితిమి. బూ కొట్టినప్పుడు ఆయన తన చేతులవైపు చూచుకొనెను.

దీనికి వేరొక మాదిరియు నున్నది. 2018లో వర్జీనియా జట్టు దేశమంతటిలో మొదటిదిగా ఎంచబడి, చివరి వరుసలోని యు.ఎం.బి.సి. అను జట్టు చేతిలో 74-54తో ఓడిపోయెను. పురుషుల పోటీలో అంతవరకు అట్లెన్నడును జరుగలేదు. టోనీ బెన్నెట్ అను కోచ్‌ను వారు ఉంచుకొనిరి. ముఖ్యులైన పిల్లలు ఉండిపోయిరి. 2019లో వారే టెక్సస్ టెక్‌ను 85-77తో, అదనపు సమయములో ఓడించి పోటీ గెలిచిరి. ఓర్చుకొన్నవారికెల్ల ఇట్లే జరుగునని నేను చెప్పబోను. ఓర్చుకొని ఓర్చుకొని చివరివరకు ఓడిన జట్లను లెక్కపెట్టుటకు ఈ పుట చాలదు.

మద్రాసులో నాతో చదివిన ప్రతివానికి జేమ్స్ నైస్మిత్ పేరు తెలియును. కెనడాలో పుట్టి, వేదాంత విద్య చదివి, ప్రసంగపీఠముకంటె ఆటస్థలములో పిల్లలకు ఎక్కువ మేలు చేయగలనని తలంచిన మనుష్యుడు. 1891 డిసెంబరులో మసాచుసెట్స్ రాష్ట్రములోని స్ప్రింగ్‌ఫీల్డులో, వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో, చలికాలమున లోపల ఆడుకొనుటకు ఏదైన ఆట కల్పించుమని పెద్దలు చెప్పగా, పండ్లబుట్టలు రెండు వసారా కమ్ములకు మేకులతో కొట్టి, 13 నియమములు వ్రాసి, పదునెనిమిదిమంది విద్యార్థులను తొమ్మిది తొమ్మిదిగా విడదీసి ఆడించెను. అదియే బాస్కెట్‌బాల్. 1898లో ఆయన కాన్సస్ విశ్వవిద్యాలయమునకు ప్రార్థనశాల పెద్దగాను వ్యాయామ ఉపాధ్యాయుడుగాను వచ్చి, 1907 వరకు అక్కడి జట్టుకు కోచ్‌గా నుండెను. గెలిచినవి 55, ఓడినవి 60. ఆ కాలేజీలో తరువాత వేరు కోచ్‌లు వచ్చిరి. ఓడినవి ఎక్కువగా నున్న కోచ్ ఆయన యొక్కడే. ఆటను పుట్టించినవాడే! ఈ సంగతి చెప్పినప్పుడు పెద్దాయన కడుపుబ్బ నవ్వి, "ఇవాళైతే మార్చిలో పంపేసేవాళ్లం" అనెను.

ఇంతవరకు నేను మనుమరాలి ప్రశ్నను దాటవేయుచునే యున్నానని నీవు గమనించియుందువు.

ఫిబ్రవరి చివర నొక ఆటకు పోతిమి. మా జట్టులో మొదటి సంవత్సరపు పిల్లవాడొకడు, బక్కపలచనివాడు, ఆ యేడు ఇంచుమించు ఆడనే లేదు. మేము పదునైదు పాయింట్లు వెనుకబడియున్నాము. వానిని దింపుమని జనులు వాని పేరుపెట్టి కేకలు వేయుచుండిరి. నేనును వేసితిని. అప్పుడు పెద్దాయన మోచేతితో నన్ను పొడిచి, మాకు రెండు వరుసల క్రింద కూర్చున్న యొక మనుష్యుని చూపెను. "వాడి తండ్రి. మూడు గంటలు కారు నడుపుకొని వస్తాడు, ప్రతిసారీ." ఆ తండ్రి కేక వేయుటలేదు. టోపీని రెండు చేతులతో మోకాళ్లమధ్య పట్టుకొని యుండెను. కోచ్ బల్లయొద్దకు నడచి వచ్చినప్పుడెల్ల ఆయన ముందుకు వంగును. కోచ్ మరియొకని భుజము తట్టగానే మెల్లగా వెనుకకు ఆనుకొనును. ఆట ముగియువరకు ఏడుసార్లు వంగెను. నా నోటుపుస్తకములో ఆ దినమున వేరేమియు వ్రాయలేదు.

ఆ టోపీ స్థానములో నాకొక తలగుడ్డ కనబడెను.

అది 1981. మా బడి జట్టును జోనల్ పోటీలకు తీసికొనిపోవలెను. బస్సుఖర్చులు పదిమందికే ఇచ్చిరి. తొమ్మిది పేర్లు తేలికగా వ్రాసితిని. పదవ పేరునకు ఇద్దరు పిల్లలుండిరి. ఒకడు మూడు మైళ్ల దూరపు పల్లెనుండి ప్రతి ఉదయము చెప్పులు లేకుండ నడచివచ్చి, నాకంటె ముందు కోర్టు ఊడ్చి, సున్నముతో గీతలు వేసియుంచువాడు. ఎడమచేతితో బంతి కొట్టుట వానివలె మా బడిలో ఎవరికిని రాదు. మరియొకడు కరస్పాండెంటుగారి బంధువుల అబ్బాయి. పొడుగరి. నన్ను ఎవరును బలవంతము చేయలేదు. ఒక సాయంకాలము కరస్పాండెంటుగారు టీ యిచ్చి, "మావాడు బాగా ఆడుతున్నాడటగా" అనిరి. అంతే. నా ఉద్యోగము ఇంకను ఖాయము కాలేదు. ఇంటిలో చంటిబిడ్డ. పొడుగు అవసరము గదా యని నాకు నేను చెప్పుకొని ఆ రెండవ పేరు వ్రాసితిని.

మరుసటి దినమున ఆ పల్లె పిల్లవాని తండ్రి వచ్చెను. పొలములో కూలిపని చేయువాడు. ఆ దినపు కూలి పోగొట్టుకొని వచ్చెను. నా గది గుమ్మము బయట నిలువబడి, తలగుడ్డ తీసి చేతులలో నలుపుకొనుచు, "మావోడేం తప్పు చేశాడు సారూ?" అని యడిగెను.

"జట్టు సంగతులు నీకేం తెలుస్తాయి? పొడుగు కావాలి, ఇంకా చాలా ఉంటాయి" అంటిని.

ఆయన మరి రెండు నిమిషములు నిలుచుండి వెళ్లిపోయెను. మొదటి యాటలోనే మేము ఓడితిమి. పిల్లవాడు బడికి వచ్చుచునే యుండెను గాని, మరల కోర్టులో అడుగుపెట్టలేదు. గీతలు వేయువాడు లేక కొన్నాళ్లు నేనే వేసికొంటిని.

చదువరీ, కోచ్‌ను తిట్టువారితో కోచ్‌లు చెప్పుకొను మాట యొకటి యున్నది. మీరు చూచునది 40 నిమిషములే, మేము ప్రతిదినము సాధన చూచుచున్నాము, మాకు తెలిసినవి మీకు తెలియవు అని. అది చాలవరకు నిజమే. మోకాలి నొప్పి, తప్పిన చదువు, గదిలో జరిగిన తగవు, ఇవి పై అంతస్తులో కూర్చున్నవానికి తెలియవు. అయితే నాకు తెలిసి ఆ తండ్రికి తెలియనిది ఒకటే. అది ఒక కప్పు టీ. ఆయన ఎన్నడును బాస్కెట్‌బాల్ ఆట చూచినవాడు కాడు. ఆయన ప్రశ్న మాత్రము సరియైనది.

మా బడి పాత విద్యార్థులకు వాట్సాప్‌లో ఒక గుంపు ఉన్నది. దానిద్వారా ఆ పిల్లవాని నంబరు సంపాదించితిని. పిల్లవాడనుచున్నాను గాని అతనికిప్పుడు అరువదేండ్లు రావచ్చెను. ఆర్టీసీ డిపోలో మెకానిక్కుగా పని చేసి ఈ మధ్యనే విరమించెనట. నాలుగు దినములు నంబరు చూచుకొని ఊరకుంటిని. మార్చి మొదటివారములో, అక్కడ రాత్రి, ఇక్కడ తెల్లవారుచుండగా, చేసితిని. పేరు చెప్పగానే లేచి నిలువబడినట్లు కుర్చీ చప్పుడు వినబడెను.

"సార్! మీరా? ఎక్కడున్నారు సార్?"

క్షేమసమాచారములు అయినవి. ఇద్దరు కూతుళ్లు, ఒకామె నర్సు. తండ్రి 1998లో చనిపోయెనట. నేను చెప్పవలసినది చెప్పితిని, టీ సంగతితో సహా. నా గొంతు సరిగా లేదు. అతడు అడ్డుపడలేదు.

"పొడుగు కోసమనుకున్నాను సార్ ఇన్నాళ్లూ" అనెను. మరికొంతసేపటికి, "నోటీసు బోర్డు మీద లిస్టు అంటించారు గదా సార్, ఇంకా గమ్ము ఆరలేదు. కింద ఇంకో పేరేమన్నా ఉందేమోనని కాగితం అంచు ఎత్తి చూశాను" అనెను.

నేను క్షమించమని అడిగితిని. "అయ్యో, పెద్దవారు, ఆ మాటనకండి సార్" అనెను. క్షమించితినని అనలేదు. అది నేను గమనించితిని, గమనించవలసినదే. తరువాత మాట మార్చుటకు కాబోలు, అక్కడ ప్రొద్దు ఎట్లు గడుచుచున్నదని యడిగెను. మ్యాచ్‌లు చూచుచున్నానని చెప్పితిని. అతని గొంతులో ఏదో వెలుగు వచ్చినట్లాయెను.

"బాస్కెట్‌బాలా సార్? మీ టీం గెలుస్తుందా?"

"ఎక్కడ గెలుస్తుంది? కోచ్‌కి మనుషుల్ని ఎంచుకోవడం రాదు" అంటిని, అలవాటుచొప్పున.

ఫోనులో అటువైపు కొంచెముసేపు ఏమియు వినబడలేదు. తరువాత అతడు నవ్వెను.

"మా నాన్న కూడా సరిగ్గా అదే మాటన్నాడు సార్, ఆ రోజు ఇంటికొచ్చి."